కారుకు అడ్డం నిలిచిన పాపాత్తి

కూర్చో తల్లీ, ఆ స్టూలు ఇట్ల లాక్కో, ఆడికి ఫ్యాను గాలి రాదు. మీ అమ్మ చెప్పినాది, మదురకు పోయి కారు చూసి వచ్చినారంట కదా. ఆమా, ఫోటో కూడా చూపించినాది. మెడలో మాల ఏసి, ముందర కేకు పెట్టి, ఇంట్లో ఉండే అందర్నీ వరసగా నిలబెట్టి తీసినారు. కారు ఇంగా చేతికి రానే లేదు, అప్పుడే మాల. సరి, అది వాళ్ళ వియాపారం, నేనేం తప్పు చెప్పడం లేదు. నేను అడిగేది ఒగటే, బ్రేకు చూసినావా? నవ్వొద్దు ముత్తులక్ష్మీ. డ్రైవరు పని చేసిన ముసలోడు బ్రేకు గురించి కాకుంటే ఇంగేం అడుగుతాడు అనుకుంటావు, అది సరే. ఏమన్నాడు ఆ షోరూము పిల్లోడు? "నన్ను నమ్మండి మేడం" అన్నాడా. ఊ. ఆ మాట నేను యాబై ఏండ్ల ముందర ఈ ఊర్లోనే విన్నాను. చెప్పినోడు ఇప్పుడు లేడు. ఆ మాట నిజమా కాదా చూద్దామని కారుకు అడ్డం నిలిచిన పాపాత్తమ్మ కూడా లేదు. ఎవురా? బాలుసామి నాయకరు భార్య. మీ అవ్వ ఉంటే చెప్పి ఉంటాది. తెన్‌కాశి రోడ్డులో ఇప్పుడు మూడంతస్తుల సెల్‌ఫోను అంగడి ఉంది చూడు, ఆ చోట్లోనే ఆయన కారు షెడ్డు. నేను ఆడ డ్రైవరుని. ఇరవైనాలుగో ఇరవైఐదో ఉంటాయి నాకు. పంతొమ్మిది వందల అరవై ఒగటి. కాదు కాదు, ఆ సంవత్సరం ఎలక్షన్, గోడలన్నీ రాతలు. అరవై రెండు.

అప్పుడు కారు కొనడమంటే ఇప్పటి మాదిరి కాదు. కొత్తది కావాలంటే పేరు రాయించి ఏండ్లు కాచుకోవల్ల. పెండ్లినాడు రాయించుకున్నోడికి కొడుకు బడికి పొయ్యేటప్పుడు వస్తాది. అందుకని చెయ్యి మారిన కారుకే గిరాకి. మిల్లు మొదలాళులు, కొండ ఎస్టేటు దొరలు వాడి విడిచినవి తెచ్చి, సరిచేసి, రంగు కొట్టి అమ్మేవాడు బాలుసామి నాయకరు. చూడు, ఇప్పుడు 'అమ్మేవాడు' అంటున్నాను. అప్పుడు నోరు జారి అట్ల అనుంటే మా నాయన నా వీపు పగలగొట్టి ఉంటాడు. మొదలాళి అనే పిలవల్ల. మాది పనిచేసే జనం, వాళ్ళది భూములుండే జనం. ఇద్దరం ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ వాళ్ళ గడప వేరే, మా గడప వేరే. సరి, దాన్ని విడువు. మనిషి మంచోడు, అది చెప్పకుంటే నా నాలుక్కు పురుగు పడతాది. నాకు స్టీరింగ్ పట్టేది నేర్పించిందే ఆయన. "వానికా వండి ఇచ్చేది" అని ఆయన జనమే అడిగినారు, కారును వండి అనే అంటాం మేము. "వాని కాలు మెత్తన, క్లచ్చు వాని మాట వింటాది" అన్నాడు. ఆ ఒగ్గ మాటకు నేను ఆరేండ్లు ఆయన వాకిట్లో పడి ఉన్నాను.

వియాపారంలో ఆయనకు సాటి ఎవురూ లేరు. వచ్చినోళ్ళకు ముందు కాప్పి. పాపాత్తమ్మ చేతి కాప్పి, ఇత్తడి టంబ్లర్లో పొగలు కక్కుతా వస్తాది. అరగంట దాకా కారు మాటే ఎత్తడు. ఈసారి పత్తి ఎట్ల పండినాది, పెద్ద కూతురుకు పురుడు ఎప్పుడు, ఇట్లే పోతాది. వచ్చినోడే ఓర్చుకోలేక "నాయకరే, వండి చూద్దామా" అని అడగల్ల. కారు ఎక్కించేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టడు. "సొంతకారుడు కూర్చునేది వెనక" అని తలుపు తానే తెరిచి పట్టుకుంటాడు. ఎండలో సేద్యం చేసే మనిషికి జన్మలో ఎవురన్నా తలుపు తెరిచి పట్టుకున్నారా? ఆడనే సగం కొనేస్తాడు. ఇంగొగటి విను. కాప్పి తాగేటప్పుడే మెల్లగా కనుక్కుంటాడు, ఈ మనిషికి ఎవురితో పడదు అని. దాయాదో, వియ్యంకుడో, ఎవురో ఒగరు ఉంటారు కదా. నా పక్క వంగి, "రామరూ, సత్రపట్టి మీదుగా పో, ఆ పెంకుటింటి ముందర మెల్లగా పో, హారను కొట్టు" అంటాడు. ఆ ఇంట్లోంచి దాయాది బయటికి వచ్చి నోరు తెరుచుకొని చూస్తాడు. వెనక కూర్చున్నోడు ఆ ముఖం చూసినాడంటే, ఇంగ కార్లో ఇంజను ఉందా లేదా అని కూడా అడగడు. నేను అద్దంలో చూసి నవ్వు బిగపట్టుకునేవాణ్ణి.

అమ్మినాక విడిచిపెట్టే రకం కూడా కాదు. ఆడపిల్లనిచ్చిన ఇంటికి పోయినట్ల నెలకొగసారి పోయి చూస్తాడు. నూనె చూస్తాడు, చక్రాల గాలి చూస్తాడు, ఆ ఇంట్లో ముసలామెకు మోకాలు నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. ఒగసారి శివగిరి దగ్గర ఎవురిదో కారు నిలిచిపోతే, ఫ్యాను బెల్టు మెడలో ఏసుకొని సైకిల్లో పోయినాడు, నడి ఎండలో. కొందరు బ్రోకర్లు ఉండేవాళ్ళు, గేరు పెట్టెలో రంపపు పొట్టు పోసి సద్దు అణిచి అమ్మేస్తారు, కొన్నోడు ఊరు చేరేలోగా గేర్లు కరకర అంటాయి. అట్లాంటి పని మా షెడ్డులో నేను చూడలేదు. అందుకే ఆయన చెప్పినాడంటే చెప్పినాడు. జనం నమ్మినారు. నేనూ నమ్మినాను.

అన్నిటికన్నా పెద్దది బ్రేకు చూపించేది. మిల్లు వెనక, అయ్యనారు కోయిలుకు పొయ్యే దారి అప్పుడు ఖాళీగా ఉండేది, ఒగ పక్క వేపచెట్టు, ఇంగో పక్క ముళ్ళ కళ్ళిచెట్ల కంచె. ఆడ సున్నం కొట్టిన రాయి ఒగటి. ఆ రాయి దగ్గర, రోడ్డు నడిమధ్యన పోయి నిలబడతాడు. నడుముకు తెల్ల వేట్టి, చేతులు కట్టుకొని. కొనేవాడు నా పక్కన కూర్చోవల్ల, అప్పుడు మాత్రం ముందు సీటు. నేను రెండు ఫర్లాంగులు వెనక్కి పోయి, ముప్పై మైళ్ళ వేగంలో నేరుగా ఆయన మీదికి రావల్ల. వేపచెట్టు దాటినాక బ్రేకు. ఆయన వేట్టికి మూరెడు దూరంలో వండి నిలుస్తాది. ఆయన కన్ను కూడా ఆర్పడు. దగ్గరికి వచ్చి, "నన్ను నమ్మండి, లేదంటే బ్రేకును నమ్మండి" అంటాడు. ఆ మాట సుట్టుపక్కల ఊర్లన్నీ పాకినాది. కొనే పని లేనోళ్ళు కూడా ఊరికే చూసేదానికి వస్తారు. మొదటిసారి నాకు చొక్కా అంతా చెమట. రాను రాను అలవాటైపోయినాది. ఎందుకంటే నాకు లోపలి సంగతి తెలుసు. ఆ దినం పొద్దున్నే ఆయన కారు కిందికి దూరి బ్రేకు నూనెలో గాలి తీస్తాడు. దానికి ఇద్దరు మనుషులు కావల్ల. కింద ఆయన, పైన పెడల్ మీద నేను. "తొక్కు" అంటాడు, తొక్కుతాను. "పట్టు" అంటాడు, పట్టి ఉంటాను. గాలి అంతా పోయినాక అరికాలి కింద పెడల్ రాయి మాదిరి అయిపోతాది. ఆ గట్టితనం కాలికి తెలిసినాక ఇంగ భయమేమి. అదేం గారడీ కాదు తల్లీ, సరైన పనే. రెండేండ్లలో ఇరవై ముప్పైసార్లు ఆయన మీదికి వండి తోలినాను.

పాపాత్తమ్మ దాన్ని చూసేదానికి ఒగనాడూ రాలేదు. సేత్తూరు పక్క ఆడకూతురు. పిల్లల్లేరు. మాట తక్కువ. షెడ్డుకూ ఇంటికీ మధ్యన ఒగ తడిక, ఆ తడిక దాటి మొగోళ్ళ దగ్గరికి రాదు. నాకు గ్లాసు వేరేనే, తడిక బయట బోర్లించి ఉంటాది, కానీ కాప్పి మాత్రం లోపల వాళ్ళు తాగే చిక్కదనంలోనే పోస్తాది. ఒగసారి అడిగినాది, "రామరూ, నువ్వు బ్రేకు తొక్కేటప్పుడు ఆయన ముఖం ఎట్ల ఉంటాది?" అని. "నవ్వుతా ఉంటారమ్మా" అన్నాను. "అట్లయితే సరి" అన్నాది. అంతే.

ఆ సంవత్సరం కొండ ఎస్టేటు నుంచి ఒగ పచ్చ కారు వచ్చినాది. కారు కంపెనీ తప్పేం లేదు, పదైదు ఏండ్లు కొండదారిలో నలిగిన వండి అది. బ్రేకు సిలిండర్ లోపల రబ్బరు కప్పు అని ఒగటుంటాది, రూపాయి బిళ్ళంత. అది అరిగిపోయినాది. ఇంగ్లీషు సీమ నుంచి రావల్ల. మదురలో లేదు, మద్రాసుకు రాసి పెట్టినాం. ఆ కప్పు సరిలేకుంటే బ్రేకు మూడుసార్లు పడతాది, నాలుగోసారి కాలు నేరుగా కింది పలకకు పోతాది. ఏసారి పడతాది ఏసారి పడదు అని దేవునికి కూడా తెలీదు. నేనే ఆ కారును తోసి షెడ్డు మూలలో పెట్టినాను. అప్పుడు వచ్చినాడు మంసాపురం చొక్కలింగం పిళ్ళై. అరవాళ్ళు, నిదానమైన మనిషి. ఆయనకు ఒగతే బిడ్డ, ఎనిమిదేండ్లు ఉంటాయి. జరం వచ్చి ఒగ కాలు పడిపోయినాది. సెంకోట్ట కనుమ దాటి మలయాళం వైపు నూనె వైద్యం చేసేచోటికి నెలనెలా తీసుకపోవల్ల. బస్సులో బిడ్డను ఎత్తుకొని ఎక్కి దిగి వాళ్ళ నడుములు పోయినాయి. అందుకే కారు. ఆ నెల షెడ్డులో వేరే కారు లేదు, ఆ బిడ్డ కన్నేమో మూలలో ఉండే పచ్చదాని మీద పడినాది. శుక్రవారం మంచి గడియ చూసి వస్తామన్నారు. మొదలాళి "రండి అణ్ణాచ్చీ, తయారుగా ఉంటాది" అన్నాడు. నాకు ఆశ్చర్యమే, కానీ కప్పు అంతలోగా వచ్చేస్తాదేమో అనుకున్నాను.

గురువారం దాకా రాలేదు. ఆ దినం నన్ను సత్రపట్టికి పంపించినాడు, పాత గిరాకి ఒగరి కారు చూసి రమ్మని. సాయంత్రం వస్తే, "రామరూ, కప్పు వచ్చేసినాది, మార్చేసినాను" అన్నాడు. "గాలి తీయల్లనే మొదలాళీ" అన్నాను. "పొద్దున చూసుకుందాం పో" అన్నాడు. పొద్దున నేను పోయేటప్పటికి అదీ అయిపోయినాది అన్నాడు. ఎవురు పెడల్ తొక్కినారు అని నేను అడగలేదు. అడగల్లని తోచలేదు. "కొత్త రబ్బరు గదా, ఒగసారి కాదు, రెండుసార్లు తొక్కి పట్టు" అన్నాడు. కొత్త చెప్పు కాలికి కుదురుకునేదానికి రెండు దినాలు పట్టినట్ల, రబ్బరు కూడా కుదురుకోవల్ల కదా అనుకున్నాను. ఎందుకు అట్ల చేసినాడు అంటావా? తిండికి లేకనా, కాదు. వచ్చినోడు ఉత్త చేతులతో తిరిగిపోయినాడు అనే మాట ఆయన షెడ్డు మీద పడకూడదు. అంతే. ఆ ఒగ్గ మాటకు. కప్పు ఇంగో నెలకు వస్తాది, అప్పుడు నేనే పోయి మార్చి ఇస్తాను, అంతలోగా ఏమవుతాదిలే అనుకొని ఉంటాడు. ఆ అంతలోగా వాళ్ళు కనుమ దిగల్ల కదా తల్లీ, బిడ్డను వెనక పెట్టుకొని.

పది గంటలకు వచ్చినారు, మొగుడు, పెండ్లాం, బిడ్డ. బిడ్డ నేరుగా కారెక్కి కూర్చున్నాది, పడిపోయిన కాలును రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టుకునింది. పాపాత్తమ్మ కాప్పి తెచ్చి, బిడ్డకు మురుకు ఇచ్చినాది. ఆ బిడ్డ అడిగినాది, "అత్తే, ఇందక్ కార్ల పోనా వాంది వరాదుల్ల?" అని. కనుమ దారిలో బస్సులో అయితే బిడ్డకు వాంతులు, కార్లో రావు కదా అని అడిగేది. పాపాత్తమ్మ టంబ్లర్లు కూడా తీసుకోకుండ లోపలికి పోయినాది. కాసేపటికి చీర మార్చుకొని వచ్చి, "నేనూ వస్తాను" అని వెనక పిళ్ళై భార్య పక్కన ఎక్కినాది. ఎన్నడూ రాని మనిషి. మొదలాళి ముఖం ఒగ మాదిరి అయినాది, కానీ వచ్చినోళ్ళ ముందర ఏమంటాడు. మిల్లు వెనక్కి రెండో గేర్లోనే పోయినాను. దారిలో రెండుసార్లు బ్రేకు తొక్కినాను, పడినాది. సరి, కప్పు కుదురుకున్నాది అనుకున్నాను.

ఆడ దిగినాక మొదలాళి తుండుతో నొసలు తుడుచుకొని, పొద్దున్నుంచి జరం, తల తిరుగుతాంది అన్నాడు. ఒగ తారు పీపాయి చూపించి, దాన్ని రాయి దగ్గర పెట్టి చూపిస్తాడు మా రామరు అన్నాడు. పిళ్ళై కాసేపు పీపాయిని చూసినాడు. "ఎన్న నాయకరే, ఇంద వండిక్కు మట్టుం నిక్క మాట్టీంగళా?" అన్నాడు. ఈ కారుకు మాత్రం మీరు నిలబడరా అని. గట్టిగా కూడా అడగలేదు. మొదలాళి నవ్వినాడు. ఆ నవ్వు నాకు తెలుసు, దాయాది ఇంటి ముందర హారను కొట్టమనేటప్పుడు నవ్వే నవ్వు. పిళ్ళై భార్య మొగుని చెయ్యి పట్టుకొని, వద్దు పోదాం అనింది. అప్పుడు పాపాత్తమ్మ నడిచి పోయి రాయి దగ్గర నిలబడినాది. "ఆయనకు ఒళ్ళు బాగలేదు అక్కా. ఆయన నిలబడినా నేను నిలబడినా ఒగటే కదా" అన్నాది. పిళ్ళై భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. పిళ్ళై ముఖం చూడల్ల, ఆయనకు ఇంగ సందేహమే లేదు. పెండ్లామే వచ్చి నిలబడినాక ఇంగేం కావల్ల.

నాకు నచ్చలేదు. ఆడమనిషి మీదికి వండి తోలేది ఎట్ల? స్టీరింగ్ ముందర కూర్చొని కిటికీలోంచి మొదలాళిని చూసినాను. వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆయన ఆమెను చూస్తున్నాడు, ఆమె ఆయన్ను చూస్తాంది. ఎంతసేపు, ఒగ నిమిషం ఉంటాది. నేనే అడిగినాను, "మొదలాళీ, తోలుదునా?" అని. ఆయన తుండు భుజం మీద సరిచేసుకున్నాడు. నన్ను చూడకుండనే "ఊ" అన్నాడు. వింటున్నావా ముత్తులక్ష్మీ. ఊ అన్నాడు. ఆ సద్దు ఇప్పుడు కూడా నా చెవిలో ఉంది. వద్దు అనేదానికి కూడా అంతే ఊపిరి పట్టేది.

వెనక్కి పోయి వచ్చినాను. పిళ్ళై నా పక్కన, భార్యా బిడ్డా దిగి చెట్టు కింద. ఎప్పటి మాదిరి ముప్పై లేదు, ఇరవైఐదే ఉంటాది, నా కాలు దానంతట అదే తగ్గించినాది. వేపచెట్టు దాటినాక తొక్కినాను. కాలు పలకకు పోయి కొట్టుకున్నాది. గట్టితనమే లేదు, నీళ్ళలో కాలు పెట్టినట్ల. రెండోసారి తొక్కినాను, కొంచెం పట్టి మళ్ళీ జారినాది. ఆయమ్మ కారును చూడనే లేదు తల్లీ. తల పక్కకు తిప్పి చెట్టు కింద ఉండే మొగుణ్ణే చూస్తా ఉంది, చివర దాకా. చేతి బ్రేకు లాగినాను, స్టీరింగ్ కుడి పక్కకు తిప్పేసినాను. ఎడమ మడ్‌గార్డు ఆయమ్మ చీరను పట్టి ఈడ్చినాది. కారు కళ్ళి కంచెలోకి పోయి, కంచె వెనక గుంటలో ముక్కు పెట్టి నిలిచినాది. నా నోరు స్టీరింగ్‌కు కొట్టుకొని ముందర రెండు పండ్లు పోయినాయి. ఇదో, ఈడ, ఇవి కట్టిన పండ్లే. చాలామంది బస్సు యాక్సిడెంటు అనుకుంటారు.

నేను నెత్తురు ఉమ్ముతా తలెత్తితే మొదలాళి పరిగెత్తి వస్తున్నాడు. పెండ్లాం రోడ్డు మీద పడి ఉంది. ఆమెను దాటి వచ్చినాడు. వచ్చి, పిళ్ళై పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎప్పటి మాదిరే. "అణ్ణాచ్చీ, ఏమీ కాలేదు, డ్రైవరు కాలు జారినాది. రెండుసార్లు తొక్కమని వానికి చెప్పినాను, అడగండి. వండి మంచిది" అన్నాడు. నేను నోరు పట్టుకొని వింటున్నాను. రెండుసార్లు తొక్కు అని పొద్దున ఎందుకు చెప్పినాడో అప్పుడు తెలిసినాది. ఆయమ్మ సచ్చి ఉంటే, కారు తోలింది ఎవురు? రామరు. ఎవురి కాలు జారినాది? రామరు కాలు. పోలీసు స్టేషన్లో మా జనం మాట ఎవురు వింటారు? నా చేతికి స్టీరింగ్ ఇచ్చిన మనిషే, అదే స్టీరింగ్‌ను నా మెడకు కట్టేసి ఉంటాడు.

పాపాత్తమ్మ లేచినాది. మోచెయ్యి చర్మం అంతా లేచిపోయినాది, చీర చెంగు చినిగి కారుకే వేలాడతాంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఎక్కడ తగిలినాది రామరూ" అన్నాది. తర్వాత పిళ్ళై భార్య పక్క తిరిగి చెప్పినాది, "అక్కా, ఈ కారు వద్దు. పొద్దున చీకట్లో పెడల్ తొక్కింది నేను. ఆయన కింద ఉండి తొక్కు తొక్కు అన్నారు. ఎంతసేపు తొక్కినా గట్టిపడలేదు. కొత్త కప్పు రానే లేదు. రామరుకు ఇవేవీ తెలీదు." అంతే చెప్పినాది, ఏడవలేదు. మొగుణ్ణి చూసి, "నోరు రాలేదు కదా" అన్నాది. మొదలాళి తలుపు పట్టుకొనే ఉన్నాడు. నేను దిగి దారిస్తే పిళ్ళై నా పక్కనుంచి దిగి, బిడ్డను భుజాన ఏసుకొని, భార్యను పిలుచుకొని బస్టాండుకు నడిచి పోయినాడు. ఒగ్గ తిట్టు తిట్టలేదు. కేసు కూడా పెట్టలేదు.

నేను మళ్ళా ఆ షెడ్డుకు పోలేదు. మా అమ్మ మూక్కమ్మాళ్ మూడు దినాలు గంజి కాచి పోసినాది, పండ్లు లేని నోటితో అదే తాగినాను. నాలుగో దినం మధ్యాన్నం మా వీధిలో అలజడి. చూస్తే పాపాత్తమ్మ, చేతికి కట్టు కట్టుకొని, ఒగతే నడిచి వస్తాంది. ఆ ఇంటి ఆడోళ్ళు మా వీధిలోకి రావడం ఎవురూ చూసినోళ్ళు లేరు. మా అమ్మకు ఏం చెయ్యాలో తెలీక చాప పరిచి, మళ్ళా భయపడి చుట్టేసినాది. ఆయమ్మ నేల మీదనే కూర్చున్నాది. నాకు కోపం తల్లీ, ఆయమ్మ మీద కూడా కోపం. అడిగేసినాను, "మీరు సచ్చుంటే నన్ను ఉరి తీసి ఉంటారు, అది తలిచినారా అమ్మా?" అని. "తలవలేదు రామరూ" అన్నాది. "సావల్లని నిలబడలేదు. ఆయన కేకేస్తారని నిలబడినాను. నన్ను ఆడ చూసినాక, ఆపండి, బ్రేకు లేదు అని అరిచేస్తారు, ఆ బిడ్డ బతుకుతాది, ఆయన పరువు పోయినా మనిషి మిగులుతారు అనుకున్నాను. పదైదు ఏండ్లు కాపురం చేసినాను, కేకేస్తారని నాకు అంత గట్టిగా తెలుసు. నిన్ను అడగకుండ నా ప్రాణం నీ కాలి కింద పెట్టినాను. ఆ తప్పు నాదే." మా అమ్మ ఏడ్చేసినాది. పొయ్యేటప్పుడు మా అమ్మ భయపడతానే నీళ్ళిచ్చినాది. మా చెంబులో తాగి పోయినాది.

పుట్టింటికి పోయినాదా అంటావా, పోలేదు. ఆ దినం మధ్యాన్నం కూడా ఆయనకు వంట చేసి పెట్టినాదంట. షెడ్డు ఇంగో సంవత్సరం నడిచినాది. జనం రాకుండ పోలేదు, మన జనానికి మరుపు ఎక్కువ. అయితే, ఎవురన్నా కారు చూసేదానికి వస్తే, పాపాత్తమ్మ కాప్పి ఇచ్చి, తడిక ఈవల నిలబడి ఉంటాది. ఒగ్గ మాట మాట్లాడదు. ఊరికే నిలబడతాది. మొదలాళి 'నన్ను నమ్మండి' అని నోరు తెరుస్తాడు, ఆమెను చూస్తాడు, మాట గొంతులోనే ఉండిపోతాది. నా చోట్లో చేరిన డ్రైవరు చెప్పినాడు నాకు. అట్ల ఒగరొగరే తిరిగిపోయినారు. తర్వాత షెడ్డు మూసి, సేత్తూరులో ఆమె అన్న భూమిలో సేద్యం చేసేదానికి పోయినారు. పిళ్ళై బిడ్డను మాత్రం రెండేండ్లు, నెలనెలా, బస్సులో పాపాత్తమ్మే చంకన ఎత్తుకొని కనుమ దాటించి తీసుకపోయినాది, పిళ్ళై భార్యతో కూడా. మొదట్లో వాళ్ళు వద్దన్నారంట. వాకిట్లో పోయి నిలబడినాదంట. బిడ్డకు కాలు పూరా రాలేదు, కట్టె పట్టుకొని నడిచేంత వచ్చినాది.

నేను బస్సు కంపెనీలో చేరినాను. అరవై ఆరులో, శ్రీవిల్లిపుత్తూరు బస్టాండులో, నా బస్సులోనే ఎక్కినాడు మొదలాళి. ముసలోడైపోయినాడు, వేట్టి మాసి ఉంది. నన్ను చూసి దిగిపోబోయినాడు. "కూర్చోండి మొదలాళీ" అన్నాను, నోరు అట్లనే అలవాటు. ఊరు వచ్చినాక అందరూ దిగినారు, ఆయన దిగలేదు. నేను అడిగినాను. నాలుగేండ్లు లోపల కుళ్ళిన మాట కదా. "ఆ దినం ఎందుకు ఊ అన్నారు?" అని. ముందర సీటు కమ్మీ పట్టుకున్నాడు. "తొలగిపోతాదని అనుకున్నాను రా రామరూ" అన్నాడు. "వండి దగ్గరికి వస్తే ఎవురైనా తొలగిపోతారు కదా. తొలగిపోతాదనే అనుకున్నాను." అంతే చెప్పి దిగి పోయినాడు. దాని తర్వాత రెండేండ్లు ఉన్నాడో లేదో. ఆయమ్మ చాలా ఏండ్లు ఉన్నాది.

చూడు, ఆమె ఆయన కేకేస్తాడనుకున్నాది. ఆయన ఆమె తొలగిపోతాదనుకున్నాడు. ఆ దినం ఆ రోడ్డు మీద బ్రేకు పడతాదని నమ్మినోణ్ణి నేను ఒగణ్ణే.

ఊ.

లేదు తల్లీ, నాలో నేనే అనుకున్నాను, ఏం లేదు. కొండ మీద మబ్బు దిగతాంది చూడు, మిద్దె మీద మీ అమ్మ మిరపకాయలు ఆరేసి ఉంది. పో, తడిసేలోగా తీయమను.